గుప్పిట్లో మెగావాట్లు

మా తోడల్లుడి గురించి నాలుగు మాటలు రాసిమ్మని మా రిటైరైన ఉద్యోగుల సంఘం వాళ్ళు వచ్చి అడిగారు. అతని గురించి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదట. ఆ మాట నిజం. ఒక మనిషిని చూసి ఉద్యోగకాలమంతా కుళ్ళుకున్నవాడికి ఆ మనిషి గురించి తెలియనిదేముంటుంది? అతను చొక్కా చేతులు ఎక్కడిదాకా మడుస్తాడో, ఫోనులో మాట మొదలుపెట్టేముందు గొంతు ఎలా సవరించుకుంటాడో నాకు కంఠతా వచ్చు.

అయితే ముందు నా సంగతి చెప్పుకోవాలి. అది తెలియకపోతే అతని గొప్ప ఎవరి ముందు గొప్పో అర్థం కాదు.

నేను ఊరి బడిలో చదివినవాణ్ణి. పదో తరగతి పాసై, బొగ్గు కరెంటు స్టేషన్లో బొగ్గు మోసే బెల్టు పక్కన పార పట్టుకుని చేరాను. పార దగ్గర్నుంచి పంపుల దగ్గరికి, పంపుల నుంచి మిల్లులకి, మిల్లుల నుంచి బాయిలర్ మీదికి, అక్కణ్ణుంచి కంట్రోల్ రూములో పెద్ద బల్ల ముందుకి వచ్చాను. ఎవరి సిఫారసూ లేదు. రెండో యూనిట్ కొత్తగా కట్టినప్పుడు దాని బాయిలర్లో మొదటి నిప్పు పెట్టింది ఈ చెయ్యే. దేశంలో సగం చీకటైపోయిన ఒక సాయంత్రం, స్టేషన్లు ఒక్కొక్కటే కళ్ళు మూసేస్తుంటే, రెండో యూనిట్‌ని తీగల నుంచి విడగొట్టి, దాని సొంత ఫ్యాన్లకీ పంపులకీ సరిపడా మాత్రమే పుట్టించుకుంటూ ప్రాణం నిలిపింది కూడా ఈ చెయ్యే. ఆ ఒక్క యూనిట్ బతికి ఉండబట్టే చుట్టుపక్కల స్టేషన్లకి మళ్ళీ ఊపిరి అందింది. నాకు వచ్చిన ప్రశంసాపత్రాలు హాలు గోడ నిండిపోయి పడగ్గది గోడ మీదికి పాకాయి.

"ఇంకో రెండొస్తే ఈ గదికి సున్నం వెయ్యక్కర్లేదు," అంటుంది మా ఆవిడ.

అలాంటి నాకు, పెళ్ళయిన కొన్నాళ్ళకి మా మరదల్ని చేసుకుని ఇతను దిగాడు. ఇంజనీరింగు చదివాడు. సన్నగా, పొడుగ్గా, ఏం అడిగినా ఒక క్షణం ఆగి చెప్పేవాడు. ఉద్యోగం కూడా కరెంటులోనే అన్నారు. పోనీలే, ఒకే పనివాళ్ళం, మాట కలుస్తుంది అనుకున్నాను. ఎంత అమాయకుణ్ణి!

అతని ఉద్యోగమేమిటో చెప్పాలి. కరెంటుకి ఒక తిక్క ఉంది. ఈ క్షణంలో దేశమంతా ఎంత వాడుతుందో సరిగ్గా అంతే ఈ క్షణంలోనే పుట్టాలి. మూటగట్టి అటక మీద పెట్టుకోవడానికి అది బియ్యం కాదు. వాడకం ఎక్కువై పుట్టుక చాలకపోతే తీగల నాడి మందగిస్తుంది. సెకనుకి యాభైసార్లు కొట్టుకోవలసింది కిందికి జారుతుంది. మరీ జారితే స్టేషన్లు తమను తాము కాపాడుకోవడానికి ఊడిపోతాయి, దేశం చీకటవుతుంది. అందుకని బొగ్గు స్టేషన్లు, నీటి స్టేషన్లు, గాలిమరలు, సోలారు ఎండపలకలు, వీటన్నిటిలో ఎవరు ఎప్పుడు ఎంత పుట్టించాలో చెప్పే గది ఒకటి ఉంటుంది. గ్రిడ్డు గది అంటాం. అందులో ఇతను. గోడంత పటం, దాని మీద ఎర్రవీ పచ్చవీ చుక్కలు, చల్లటి గాలి, తిరిగే కుర్చీ, చేతి దగ్గర ఫోను. మసి లేదు, చెమట లేదు, చెవులు దిబ్బెళ్ళు పడే మోత లేదు. నేను పుట్టిస్తాను. అతను పంచుతాడు. పేరెవరికొస్తుందో వేరే చెప్పాలా?

ఒకసారి మా అత్తగారింట్లో అందరం కూర్చుని ఉన్నాం. మా అత్తగారు అడిగారు: "చిన్నల్లుడు గారూ, ఇంతకీ మీరు చేసే పనేమిటి నాయనా? మా అమ్మాయి చెబితే ఒక్క ముక్క ఎక్కలేదు."

ఇతను బల్ల మీది గ్లాసులు నాలుగూ దగ్గరికి లాక్కున్నాడు. "ఏం లేదండీ అత్తయ్య గారూ. మీ ఇంటికి వందమంది భోజనానికి వచ్చారనుకోండి. ఎవరికి ఎప్పుడు ఆకలేస్తుందో మీకు ముందే తెలియాలి. మీకు నాలుగు పొయ్యిలున్నాయి. ఈ మొదటిది నిదానంగా అంటుకుంటుంది, అంటుకున్నాక నిలకడగా మండుతుంది. అది బొగ్గు. ఈ రెండోది తిప్పగానే మండుతుంది గానీ డ్యాములో నీళ్ళున్నంతసేపే. మూడోది మిట్టమధ్యాహ్నం వద్దన్నా వండిపెడుతుంది, పొద్దు గుంకితే ఆరిపోతుంది. అది ఎండ. ఈ నాలుగోది గాలి, దాని బుద్ధి పుట్టినప్పుడు వండుతుంది. వీటన్నిటి మీదా కన్నేసి, వండింది పారబొయ్యకుండా, ఎవరూ ఆకలితో లేవకుండా వడ్డించడమండీ నా పని."

"అమ్మమ్మా! దేశానికంతటికీ వడ్డనే! ఎంత బాధ్యత నాయనా!" ఆవిడ కళ్ళు ఇంతయ్యాయి. తర్వాత నావైపు ఒక చూపు చూసి, "మరి పెద్దల్లుడు గారో?" అన్నారు. నన్నడగలేదు. అతన్నడిగారు.

"అన్నయ్య ఆ మొదటి పొయ్యి దగ్గరుంటారండీ."

అయిపోయింది. ఆ రోజు నుంచి చుట్టాల్లో ఎవరడిగినా మా అత్తగారి జవాబు ఒకటే. చిన్నల్లుడు వడ్డన, పెద్దల్లుడు పొయ్యి దగ్గర పని. ఒకసారి ఉండబట్టలేక, "అత్తయ్య గారూ, మా బాయిలర్ పదిహేను అంతస్తుల మేడంత ఎత్తుంటుందండీ," అన్నాను.

"ఎంత ఎత్తున్నా పొయ్యి పొయ్యే కద నాయనా," అన్నారు ఎంతో ప్రేమగా.

ఇన్నేళ్ళూ బాయిలర్ గురించి నేను నోరు నొప్పెట్టేలా చెప్పినప్పుడు ఆవిడ కూరగాయలు తరుక్కునేవారు. ఇతను నాలుగు గ్లాసులు జరిపితే ఒళ్ళంతా చెవులు చేసుకున్నారు. ఇంకెలా మండకుండా ఉంటుంది కడుపు?

ఉన్నమాట రాయాలి కాబట్టి అతని గుణాలు కూడా రాస్తాను. కోపం లేదు. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. వాన మొదలైతే మనమందరం కిటికీ దగ్గరికెళ్ళి చల్లగాలి పీలుస్తాం, అతను మాత్రం ఫ్యాన్లు ఎన్ని ఆగుతాయో లెక్క వేస్తాడు. టీవీలో పెద్ద ఆట వస్తుంటే ఇంటిల్లిపాదీ చివరి బంతికి గెంతులేస్తుంది. ఇతను గడియారం చూసి, "ఇదిగో, ఇప్పుడు లేస్తారు. లైట్లు వేస్తారు, పొయ్యిలు వెలిగిస్తారు," అంటాడు. ఎవరు గెలిచారో అడిగితే తెలియదు. దేశమంతా ఎప్పుడు కుర్చీలోంచి లేస్తుందో చెప్పగలిగిన మనిషి, నా పక్క కుర్చీలో కూర్చుని చెబుతుంటే, మా పిల్లలు నన్ను వదిలి అతని చుట్టూ మూగేవాళ్ళు.

ఇక మా స్టేషన్లో అతనికి ఒక పేరుండేది. తగ్గించండి గారు. ఎందుకంటే పొద్దెక్కేసరికి ఎండపలకల కరెంటు వరదలా వచ్చిపడేది. అప్పుడు ఫోను మోగేది. గొంతు సవరణ, ఆ తర్వాత, "రెండో యూనిట్, తగ్గించండి." మేం బొగ్గు దంచి, బూడిద మింగి పుట్టించేదాన్ని ఆ పలకలు వెల్లకిలా పడుకుని పుట్టిస్తాయి. వాటికి షిఫ్టు లేదు, మేస్త్రీ లేడు. వాటికోసం మేం తగ్గాలి! నాకు వాటి మీద కూడా అసూయే, దాచుకోను. తీరా పొద్దు వాలి అవి చల్లగా నిద్రపోయాక, ఇళ్ళలో దీపాలు వెలిగే వేళకి మళ్ళీ ఫోను. "పెంచండి, ఇంకొంచెం పెంచండి." అప్పుడు కావాలి మేం.

ఆ సాయంత్రాలే నా రాజ్యం. ఎందుకో చెబుతాను.

రేపు ఎంత ఇవ్వగలమో స్టేషన్ ముందురోజే గ్రిడ్డు గదికి చెప్పాలి. రెండో యూనిట్ పుట్టినప్పుడు దాని బలం రెండు వందల పది మెగావాట్లు. వయసు మీదపడ్డాక అంత రాదు. మేం నూట ఎనభై అని చెప్పేవాళ్ళం. నిజంగా వచ్చేది అంతకన్నా ఎక్కువే. ఆ తేడాని మేం గుప్పిట అనేవాళ్ళం. షిఫ్టు మారేటప్పుడు బొగ్గెలా ఉంది, నీళ్ళెలా ఉన్నాయి అని అడిగినట్టే, "గుప్పిటెంత?" అని అడిగి మరీ బల్ల ముందు కూర్చునేవాళ్ళం. బొగ్గుని పిండి చేసే మిల్లులు మాకు ఆరుండేవి. అయిదింటితో నూట ఎనభై వచ్చేది. ఆరోది గుప్పిట్లో ఉండేది. ఎందుకలా అంటారా? ఉన్నదంతా చెప్పి, ఒక మిల్లు మొరాయించి తగ్గితే సంజాయిషీ అడుగుతారు. తక్కువ చెప్పి ఎక్కువిస్తే చప్పట్లు కొడతారు. ఈ పద్ధతి మాకెవరూ నేర్పలేదు, ఎవరూ మానమనలేదు.

సాయంత్రం నాడి జారుతున్నప్పుడు అతని ఫోను వచ్చేది. "అన్నయ్యా, రెండో యూనిట్‌లో ఏమైనా ఉందా?" అప్పుడు రెండో యూనిట్‌ని కాదు, అన్నయ్యని! నేను వెంటనే చెప్పేవాణ్ణి కాదు. "చూస్తానుండు," అనేవాణ్ణి. కాస్త ఆగనిచ్చి, మిల్లు మేస్త్రీకి సైగ చేసేవాణ్ణి. ఆరో మిల్లు గుర్రుమనేది. మెగావాట్లు మెట్లెక్కేవి. అవతల అతను ఊపిరి వదిలినట్టు వినిపించేది. "థాంక్స్ అన్నయ్యా. గట్టెక్కించారు." ఆ ఒక్క మాట మీద నేను వారం రోజులు బతికేవాణ్ణి. ఎంత చల్లగదిలో కూర్చుంటేనేం, చివరికి నా పొయ్యి దగ్గరికే రావాలి కదా అనుకునేవాణ్ణి.

అలా ఏళ్ళు గడిచాక అతన్ని గ్రిడ్డు గది నుంచి ప్లానింగుకి మార్చారు. ఇవాళ్టికి వడ్డించడం కాదు, పదేళ్ళ తర్వాత ఎంతమంది భోజనానికొస్తారో ఇప్పుడే లెక్కవేసే విభాగం. కొత్త ఫ్యాక్టరీలెన్ని, ఇళ్ళలో ఏసీ మిషన్లెన్ని, కరెంటుతో నడిచే బళ్ళెన్ని, ఇవన్నీ అంచనా కట్టాలి. కట్టి చూస్తే తేలిందేమిటంటే, మధ్యాహ్నానికి ఢోకా లేదు, కొత్త పలకలు దండిగా వస్తున్నాయి. దిగులంతా సాయంత్రానిదే. అందుకని కొండ మీద ఒక చెరువు, కొండ కింద ఒక చెరువు కట్టి, మధ్యాహ్నం మిగిలిన కరెంటుతో నీళ్ళు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు పుట్టిస్తారట. పెద్ద పెద్ద బ్యాటరీలు కూడా పెడతారట. అవన్నీ లేచేదాకా సాయంత్రాలకి ఆసరాగా కొన్ని పాత బొగ్గు యూనిట్లని ఉంచాలి, మిగతావి మూసెయ్యాలి. ఏవి ఉంచాలి? నూట తొంభై మెగావాట్లు నమ్మకంగా ఇవ్వగలిగినవి.

ఆ లిస్టులో రెండో యూనిట్ పేరు పక్కన ఏ అంకె ఉంది? నూట ఎనభై. మూసెయ్యాల్సిన వాటిలో పైవరసలో ఉంది.

ఆ వార్త మా స్టేషన్‌కి వచ్చిన రోజు కంట్రోల్ రూములో ఎవరూ గుప్పిటెంత అని అడగలేదు. ఇన్నేళ్ళుగా తక్కువ చెప్పి తక్కువ చెప్పి, మా నోటితోనే మా యూనిట్‌ని ముసలిదాన్ని చేశాం. నాకు సర్వీసు ఇంకో ఏడాదే ఉంది. నేనెలాగూ వెళ్ళేవాణ్ణే. కానీ నేను నిప్పు పెట్టినదాన్ని నా కళ్ళముందే ఆర్పేసి, గ్యాసుకట్టర్లతో కోసి, తుక్కు లారీలకెత్తుతారంటే ముద్ద దిగలేదు.

మిల్లు మేస్త్రీ నా పక్కన చేరాడు. చేతులు తుడుచుకుంటూ మెల్లిగా, "అన్నా, ప్లాను రాసేది మీ తగ్గించండి గారే కదా?" అన్నాడు.

"అయితే?"

"అయితే ఏముంది, ఒక మాట చెప్పరాదూ? మీ వాడే కదా!"

"మావాడు కాదు. మా ఆవిడ చెల్లెలి మొగుడు."

"అబ్బో, అదేదో దూరపు చుట్టరికమైనట్టు!" అన్నాడు. అక్కడున్న అందరూ నావైపే చూస్తున్నారు. ఇంటికెళితే మా ఆవిడది ఇంకో గోల. "మీ పంతం ముఖ్యమా, యూనిట్ ముఖ్యమా?" అంది. జవాబు వెంటనే రాలేదు నాకు. అదీ నా పరిస్థితి.

వెళ్ళాం నేనూ మా ఆవిడా, వాళ్ళింటికి. మా మరదలు తలుపు తీసి, "ఏం బావగారూ, దారి తప్పి వచ్చారా?" అంది. లోపల అతను బనీనుతో కూర్చుని నిమ్మకాయలు పిండుతున్నాడు. ఆ పని కూడా అతనే చేస్తాడు ఇంట్లో. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది, చూశారా అన్నట్టు.

కూర్చున్నాను. గ్లాసు అందించాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "లిస్టు చూశాను," అన్నాను.

"చూస్తారనుకున్నాను అన్నయ్యా."

"మా యూనిట్ మూసేస్తావా?"

"అందులో ఉన్నది మీరు చెప్పిన అంకే కదా. ఇన్నేళ్ళుగా రోజూ చెప్పింది."

"చెప్పేది నూట ఎనభై. ఇచ్చేది అంతకన్నా ఎక్కువని నీకు తెలీదూ? ఎన్ని సాయంత్రాలు నిన్ను గట్టెక్కించలేదు?"

అతను ఒక క్షణం ఆగాడు. ఆ ఆగడమంటేనే నాకు పరమ చిరాకు. "తెలుసు. నూట తొంభై ఎనిమిది."

"ఏమిటది?"

"మీ యూనిట్ అసలు బలం అన్నయ్యా. మీరు నూట ఎనభై అని పంపిన ప్రతిరోజూ నేను మనసులో నూట తొంభై ఎనిమిది వేసుకునేవాణ్ణి. సాయంత్రం లెక్కంతా దానిమీదే కట్టేవాణ్ణి. మీరు 'చూస్తానుండు' అని కాసేపు ఆగేవారు చూశారూ, ఆ కాసేపట్లో నేను నా టీ పూర్తి చేసుకునేవాణ్ణి."

మా మరదలు పకపకా నవ్వింది. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆపుకోలేక.

నేను మాత్రం గ్లాసు కింద పెట్టేశాను. నేను ఆదుకున్నాననుకున్న సాయంత్రాలన్నీ, ఆ నిట్టూర్పులన్నీ, గట్టెక్కించారు అన్నయ్యా అన్న మాటలన్నీ! నేను గుప్పిట విప్పకముందే అతని లెక్కలో ఉన్నాయన్నమాట. నా గోడ మీద సగం ప్రశంసాపత్రాలు ఆ సాయంత్రాలవే. వడ్డించేవాడికి వంటింట్లో దాచిన గిన్నె కూడా తెలుసు! అసూయ అంటే ఇన్నాళ్ళూ నేను పడింది అసూయే కాదు. అసలుది ఆ రోజు పుట్టింది.

"తెలిసినవాడివి ఆ నూట తొంభై ఎనిమిదే వెయ్యి మరి ప్లానులో," అన్నాను గొంతు గట్టిపరుచుకుని.

"నా మనసులో అంకె మీద దేశం పదేళ్ళ ప్లాను కడుతుందా? ఎక్కడిదయ్యా ఈ అంకె అంటే ఏం చెప్పను? మా తోడల్లుడి గుప్పిట నాకు తెలుసండీ అననా?" నిమ్మగింజలు ఏరుతూ అన్నాడు. "పరీక్ష పెట్టించాను. పోయిన వారమే కమిటీని ఒప్పించాను. సాయంత్రం లోడు పెరిగే దగ్గర్నుంచి తగ్గేదాకా, అధికారులు చూస్తుండగా మీ యూనిట్ నిలబడి ఇవ్వాలి. నూట తొంభై దాటి నిలిస్తే ఉంటుంది. మధ్యలో పడితే పోతుంది. వస్తుందా అని అడిగారు. నూట తొంభై ఎనిమిది వస్తుందని చెప్పాను."

అంటే నేను అడగడానికి రాకముందే అడగాల్సిన పని అయిపోయింది. నాకు ప్రాధేయపడే గొప్ప కూడా మిగల్చలేదు.

బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చాడు. "అన్నయ్యా, ఒక్క మాట. ఆ రోజు మీరేం చూపిస్తారో, ఆ తర్వాత ప్రతి సాయంత్రం అదే అడుగుతారు. దయాదాక్షిణ్యాలుండవు. ఒక్కరోజుకి వచ్చేది కాదు, రోజూ ఇచ్చి బతకగలిగింది చూపించండి."

"నాకు నేర్పుతున్నావా బాయిలర్ గురించి?"

"అబ్బే, లేదు అన్నయ్యా," అన్నాడు నవ్వుతూ.

దారిపొడుగునా మా ఆవిడ, "ఎంత మంచివాడండీ మా మరిది," అని ఒకటే పాట. నాకు వినిపిస్తున్నది వేరే. టీ పూర్తి చేసుకునేవాడట, టీ!

అప్పుడే గట్టిగా అనుకున్నాను. పరీక్ష నాడు నూట తొంభై ఎనిమిది దాటించాలి. ఒక్కటైనా సరే దాటించాలి. నా గుప్పిట అతనికి పూర్తిగా తెలియదని దేశమంతా చూడాలి.

మంచి బొగ్గు ఏరి పక్కన పోయించాను. మిల్లుల్లో అరిగిన రోలర్లు మార్పించాను. గొట్టాల మీద పేరుకున్న మసి ఊదించాను. మిల్లు మేస్త్రీ పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు ఆరో మిల్లు చుట్టూ తిరిగాడు.

పరీక్ష రోజున పెద్ద ఇంజనీరు, పై నుంచి వచ్చిన అధికారులు నా వెనక కుర్చీల్లో కూర్చున్నారు. మా తోడల్లుడు రాలేదు. ఆ పూటకి తన పాత గ్రిడ్డు గదిలో కూర్చున్నాడు, ఫోను అక్కణ్ణుంచి చేస్తానన్నాడు. వచ్చి ఉంటే ఎదురుగా చూస్తూ దాటించేవాణ్ణి. ఆ ముచ్చటా లేదు.

పొద్దు వాలింది. పలకలు నిద్రకి పడ్డాయి. ఊళ్ళలో దీపాలు వెలగడం మొదలైంది. "రెండో యూనిట్, మొదలుపెట్టండి," అంది ఫోను, అందరికీ వినిపించేలా. అయిదు మిల్లుల మీద నూట ఎనభై పెట్టాను. ఆరోది తగిలించాను. నూట ఎనభై అయిదు. నూట తొంభై దాటింది. వెనక ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. తొంభై అయిదు. తొంభై ఏడు. తొంభై ఎనిమిది దగ్గర పెట్టి వదిలాను. యూనిట్ మంచి నిద్రలో ఉన్న పసిపాపలా కదలకుండా ఉంది.

"అంకె చూశారూ! అచ్చం ఆయన చెప్పిందే!" అన్నాడు పైనుంచి వచ్చిన అధికారి. పక్కాయన తల ఊపాడు. నా వీపు భగ్గుమంది.

మిల్లు దగ్గర్నుంచి మేస్త్రీ ఫోను చేశాడు. "అన్నా, ఆరోది కులాసాగా ఉంది. పోదామా ఇంకాస్త?" వాడికీ తెలుసు నా సంగతి.

బల్ల మీద అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. ఫీడర్లు ఇంకెంత బొగ్గు పొయ్యగలవో, ఫ్యాన్ల దగ్గర ఇంకెంత గాలి మిగిలి ఉందో. వాటిని మెగావాట్లలోకి మార్చడం నాకు నోటిలెక్క. ఉంది. గుప్పిట్లో ఇంకా ఉంది. అతనికి తెలియనిది, ఎవరికీ తెలియనిది. నా చెయ్యి ఫీడర్ మీటకి ఆని ఉంది. నిజానికి నొక్కేశాననే అనుకున్నాను.

అప్పుడు పై వరస మీటర్ల ముళ్ళ వైపు చూశాను. బాయిలర్ నెత్తిన ఆవిరి గొట్టాలుంటాయి. వాటి లోహం వేడి చూపించే ముల్లు ఎర్రగీతకి ఇంకా ఆనలేదు. కానీ దానివైపు పాకుతోంది. ఆ గొట్టాలు యూనిట్‌తో పాటు పుట్టినవి. ఇంకాస్త తోస్తే ఈ పూటకి ఓర్చుకుంటాయి. బహుశా ఓర్చుకుంటాయి. ఓర్చుకుంటే ఇక ప్రతి సాయంత్రం ఓర్చుకోవాలి. ఎన్ని సాయంత్రాలు? ఏదో ఒక రోజు ఒక గొట్టం పగులుతుంది, తెల్లటి ఆవిరి గర్జిస్తుంది, ఆ తర్వాత గ్యాసుకట్టర్లు. ఓర్చుకోకపోతే ఈ పూటే, ఈ కుర్చీల ముందే.

"అన్నా, ఉన్నావా?" అన్నాడు మేస్త్రీ.

"అక్కడే ఉంచు," అన్నాను.

"ఎందుకన్నా? ఇంత దగ్గరికొచ్చి..."

"ఉంచమన్నానా!"

అంతలో గ్రిడ్డు గది ఫోను. గొంతు సవరణ. "అన్నయ్యా, నూట తొంభై ఎనిమిది దగ్గర నిలిచింది. ఇంకేమైనా ఉందా?"

గదిలో అందరూ వింటున్నారు. లేదని ఎలా చెప్పను? ఉందని ఎలా చెప్పను? ఇన్నేళ్ళలో మొదటిసారి అతను నిజంగా తెలియక అడుగుతున్నాడు. ఆ సంగతి అతని గొంతులోనే ఉంది.

"ఉంటే ఇప్పుడే చెప్పండి అన్నయ్యా. ప్లానులో ఎక్కాక మార్చలేను."

"ఏమీ లేదు తమ్ముడూ. నువ్వు చెప్పిందే. అంతే."

అవతల మళ్ళీ గొంతు సవరణ. "సరే అన్నయ్యా. అంతే అని వేసుకుంటున్నాను."

ఊళ్ళన్నీ వంటలు ముగించుకుని, లోడు మెల్లిగా దిగేదాకా యూనిట్ అక్కడే నిలిచింది. వెనక చప్పట్లు కొట్టారు. పెద్ద ఇంజనీరు నా భుజం తట్టాడు. ఆ తట్టిన చేత్తోనే ఫోను తీసి, "అంత కచ్చితంగా ఎలా చెప్పారండీ?" అని మా తోడల్లుణ్ణి అడిగాడు. ఏం చెప్పాడో నాకు వినిపించలేదు గానీ, అధికారులందరూ మెచ్చుకోలుగా నవ్వారు.

మూసెయ్యాల్సిన వాటిలోంచి రెండో యూనిట్ పేరు తీసేశారు. సాయంత్రాల ఆసరాగా ఉంచే వాటిలో వేశారు. నేను రిటైరైన రోజున వచ్చి మాట్లాడినవాళ్ళు కూడా ఆ పరీక్ష కథే చెప్పారు. బాయిలర్‌లో ఎంతుందో నగరంలో కుర్చీలో కూర్చుని ఒక్క మెగావాటు తేడా లేకుండా చెప్పిన మేధావి అని. నా రిటైర్మెంటు సభ అది! అతని రిటైర్మెంటు సభలోనూ అదే చెప్పారు, ఈసారి ఇంకాస్త రంగులద్ది.

మా అత్తగారైతే ఇప్పటికీ ఎవరొచ్చినా చెబుతారు. మొన్న మళ్ళీ నా ముందే, "మా చిన్నల్లుడు చెప్పిన అంకె చెప్పినట్టే వచ్చిందట. అవునా పెద్దల్లుడు గారూ?" అన్నారు.

"అవునండీ అత్తయ్య గారూ. అచ్చం అంతే," అన్నాను. ఆ మాట నోట్లోంచి రావడానికి బాయిలర్ వెలిగించినంత పనయింది. పక్కనే కూర్చున్న అతను నావైపు చూశాడు. ఒక క్షణం ఆగాడు, అంతే.

సంఘం వాళ్ళు అడిగిన ప్రకారం అతని గురించి నిజమే రాయాలి కాబట్టి రాస్తున్నాను. మంచివాడు, నిదానస్థుడు, దేశం ఎప్పుడు దీపం వేస్తుందో తెలిసినవాడు, మా యూనిట్‌ని నిలబెట్టినవాడు. ఒక్కటి మాత్రం తప్పు. నూట తొంభై ఎనిమిది తప్పు. ఎంత తప్పో నాకు తెలుసు. ఆ అంకె నాలిక చివరే ఉంది, పొద్దున్నుంచి చెయ్యి లాగుతోంది రాసెయ్యమని. రాయను. రెండో యూనిట్ ఇంకా నడుస్తోంది. ఇది అచ్చయితే ముందుగా చదివేది అతనే. చదివి, ఇప్పుడా కుర్చీలో ఉన్నవాళ్ళకి ఫోను చేస్తాడు. సాయంత్రానికల్లా అదీ అడుగుతారు.